చాబన్ శిఖరం మీద పెట్టిన కాగితం

ఎర్నా అక్క మాకు మొదట నేర్పింది పడటం. కొండెక్కడం నేర్చుకుందామని వచ్చినవాళ్ళని మూడు రోజులపాటు వాలు మీంచి కిందికి దొర్లించింది. వెల్లకిలా పడు, బోర్లా పడు, తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి పడు. జారుతూనే ఒళ్ళు తిప్పుకుని, మంచు గొడ్డలి ముక్కు మంచులో దింపి, దాని మీద బరువంతా వేసి ఆగాలి. ఆగేదాకా అరవకూడదు. అరిస్తే మళ్ళీ పైకెక్కి పడాలి. మా జిబెక్ మొదటి రోజు పదిహేడుసార్లు పడింది, ఎందుకంటే పడ్డ ప్రతిసారీ వాళ్ళమ్మని పిలిచింది.

ఇది 1979 జనవరి సంగతి. అప్పట్లో మా ఊరి పేరు ఫ్రూంజె, కిర్గిజ్ దేశానికి రాజధాని. నేనూ జిబెక్ కుట్టు ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద చలికోట్లకి చేతులు కుట్టేవాళ్ళం. నావి ఎడమ చేతులు, దానివి కుడి చేతులు. ఇద్దరం కలిస్తే గాని ఒక కోటు కాదని నవ్వుకునేవాళ్ళం. ఆ ఏడు కార్మిక సంఘం సెలవు చీటీలు పంచింది. వెచ్చటి సముద్రం ఒడ్డు చీటీలన్నీ పెద్దవాళ్ళ పెళ్ళాలకి పోగా, అలా-ఆర్చా లోయలో పర్వతారోహణ క్యాంపు చీటీలు రెండు మిగిలాయి. ఎవరూ అడగలేదు కాబట్టి మాకిచ్చారు. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాత్రం, "చలికాలం వస్తే గొర్రెలు కూడా కొండ దిగొస్తాయే. నీకు వాటిపాటి బుద్ధి లేదా?" అని అడిగి, సంచీ నిండా కురుత్ ఉండలు పోసింది. పుల్లటి ఆ ఎండు పెరుగు ఉండలు బుగ్గన పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు.

ఎర్నా గుస్తావొవ్నాకి అప్పుడు నలభై రెండేళ్ళు. మాకు ఇరవై. అందుకని చాటున ముసల్ది అనేవాళ్ళం, ఎదుట ఎర్నా అక్కా అనేవాళ్ళం. యుద్ధం రోజుల్లో వోల్గా ఒడ్డు నుంచి మూటాముల్లెతో మా దేశానికి తోలేసిన జర్మన్ల పిల్ల ఆవిడ. మా కిర్గిజ్ భాష మాకంటే శుభ్రంగా మాట్లాడేది, తిట్లు కూడా. ఏడాదిలో పది నెలలు పళ్ళ ఆసుపత్రిలో డాక్టరు పక్కన నిలబడి పట్టకార్లు అందించేది, చలికాలం రెండు నెలలు క్యాంపులో మాలాంటివాళ్ళని మంచులో దొర్లించేది. మనిషి పొట్టి. మెడలో ఒక రేకు ఈల. ముఖం మీద చిరునవ్వు అరుదు, వచ్చినా మన మంచి కోసం వచ్చేది కాదు.

మా జట్టులో మూడోవాడు రవిల్. తాతార్ల అబ్బాయి, ట్రాలీబస్సుల డిపోలో మెకానిక్. డిపో లేతు మీద దొంగచాటుగా మంచు మేకులు చేసుకుని తెచ్చుకున్నాడు. వేసవిలో పామీర్ పర్వతాలకి వెళ్ళే జట్టులో చేరాలని వాడి కల. రెండేళ్ళుగా వాడి పేరు చివర్లో కొట్టేస్తున్నారు, చలికాలపు శిఖరం ఒక్కటీ వాడి ఖాతాలో లేదని. ఆ సంగతి రోజుకి నాలుగుసార్లు మాకు చెప్పేవాడు.

నాకూ జిబెక్‌కీ పామీర్లు గీమీర్లు ఏమీ లేవు. మాకు కావాల్సింది ఒక్కటే, వచ్చే జనవరిలో మళ్ళీ ఇక్కడికి రావడం. శిఖరం ఎక్కి గ్రేడు తెచ్చుకున్నవాళ్ళకే రెండో ఏడాది చీటీ ఇస్తామని సంఘం వాళ్ళు ముందే చెప్పారు. లేకపోతే ఇదే మొదలూ ఇదే ఆఖరూ. మొదటి వారం అయ్యేసరికే నాకు ఆ ఆఖరు అన్న మాట తలుచుకుంటే దిగులు పుట్టేది. నాకెప్పుడూ ఏదీ అంతగా కావాలనిపించలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏముందని అక్కడ? చెక్క గుడిసె, ఎనిమిది మంచాలు, మధ్యలో ఇనప పొయ్యి. పొయ్యి మీద తాడు కట్టి దాని నిండా తడి మేజోళ్ళూ, బూట్లలోంచి తీసిన ఉన్ని అట్టలూ. ఆ వాసనకి పొరుగు గుడిసెవాళ్ళు తలుపు తీసి తల పెట్టి, పెట్టిన తల పెట్టినట్టే వెనక్కి తీసుకునేవాళ్ళు. బూట్లు క్యాంపు గోదాములో ఇచ్చినవి, నాకు రెండు సైజులు పెద్దవి, రెండూ వేరువేరు జతలవి. వాటి కింద కట్టుకునే ఇనప పళ్ళ చట్రాలని మావాళ్ళు పిల్లులు అంటారు. పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతుంటే పిల్లుల పటకాలు బిగించుకోవడం, ఎర్నా అక్క వచ్చి ఒక్కొక్కరి కాలూ దూడ కాలు పట్టుకున్నట్టు పట్టుకుని ఊపి చూడటం, వదులుగా ఉంటే "ఈ పిల్లి పారిపోద్ది" అని వెళ్ళిపోవడం. సాయంత్రం నల్ల టీలో ఆప్రికాట్ జాము కలుపుకుని తాగుతూ రవిల్ గిటారు పాడుచేస్తుంటే వినడం. నా జీవితంలో ఇంకెప్పుడూ అంత తిండి తినలేదు, అంత నిద్ర పోలేదు, అంత నవ్వలేదు. ఆ వాసన ఇప్పుడు దొరికితే డబ్బిచ్చి కొనుక్కుంటాను.

పడటం అయ్యాక నడవటం నేర్పింది, అదీ ఇరవై ఏళ్ళొచ్చాక. పిల్లులు కట్టుకుని కాళ్ళు దూరంగా వేసి, పళ్ళన్నీ ఒకేసారి మంచులో దిగేట్టు అడుగెయ్యాలి. తరవాత గొడ్డలితో మెట్లు కొట్టడం. తరవాత తాడు. తాడు కట్టుకోవడం నేర్పిన రోజు మాత్రం ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. నా నడుముకి ముడి తానే వేసి, నా చేత ఇరవైసార్లు విప్పించి వేయించి, "ఇది కట్టుకున్నాక నీ కాలు నీది కాదు, అవతలివాళ్ళది. నీ నోరు కూడా" అంది. నోటికీ తాడుకీ సంబంధం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

క్యాంపులో రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది కాగితం. ప్రతి శిఖరం మీదా రాళ్ళ గుట్టలో ఒక డబ్బా ఉంటుంది. ఎక్కినవాళ్ళు దాన్లోని పాత కాగితం తీసుకుని, తమ పేర్లూ తేదీ రాసిన కొత్త కాగితం పెట్టి రావాలి. కిందికి తెచ్చిన పాత కాగితమే మనం పైకెళ్ళామనడానికి సాక్ష్యం. మనకి సాక్ష్యం మన తరవాత వచ్చేవాళ్ళు తెస్తారు. మంచు ఎక్కువై డబ్బా దొరక్కపోతే మనం తీసుకెళ్ళిన డబ్బా పెట్టి, ఆ మాటే రిజిస్టరులో రాయాలి. చలికాలంలో అది మామూలే, ఎవరూ తప్పు పట్టరు.

రెండోది తప్పుల సభ. ఎక్కి దిగొచ్చిన మర్నాడు జట్టంతా బల్ల చుట్టూ కూర్చుంటుంది. అందరికంటే చిన్నవాళ్ళు మొదలుపెట్టి ఎవరి తప్పులు వాళ్ళు చెప్పుకోవాలి. ఆ రోజు జట్టుకి నాయకత్వం వహించినవాళ్ళది చివరి వంతు. అందరూ అయ్యేదాకా నేర్పినవాళ్ళు నోరు విప్పకూడదు, మధ్యలో అందివ్వకూడదు, ముఖం కూడా చిట్లించకూడదు. క్యాంపు పెద్ద ఒక మూల కూర్చుని రాసుకుంటాడు. సభ అయ్యాక నేర్పినవాళ్ళు సంతకం పెడితేనే శిఖరం జట్టందరి ఖాతాలో పడుతుంది, దారిలో ఆగినవాళ్ళతో సహా. ఎర్నా అక్క ఆ సభల్లో రాతి బొమ్మలా కూర్చునేదని, చివర్లో ఒకటే మాట "సంతకం పెడుతున్నా" అనో, "పెట్టను" అనో అంటుందని మాకు ముందే చెప్పారు.

పదిహేనో రోజున మా శిఖరం ఖాయమైంది. చాబన్ శిఖరం. ఎత్తు నాలుగు వేల రెండొందల మీటర్లు, కష్టం అంతగా లేదు, చలి ఒక్కటే కష్టం. ఎర్నా అక్క నాయకత్వం నాకిచ్చింది. ఎందుకిచ్చిందో అడిగే ధైర్యం లేదు. రవిల్ మాత్రం అడిగేశాడు. "నువ్వు పైకి చూస్తావురా. అది వెనక్కి చూస్తుంది" అంది. వాడికి రెండు రోజులు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

కాగితం నేనే రాశాను, ముందురోజు మధ్యాహ్నమే, పొయ్యి పక్కన కూర్చుని. పైన వేళ్ళు పనిచెయ్యవని అందరూ అలాగే ముందే రాసుకుంటారు. నలుగురి పేర్లూ అందంగా రాసి, మడిచి, పాలపొడి డబ్బాలో పెట్టాను. ఆ డబ్బాని గుండెల దగ్గర జేబులో పెట్టుకుని బయల్దేరాను.

తెల్లారేసరికి హిమనదం దాటాం. ఎండ కొండల మీద ఉంది గాని మా మీద లేదు. నేను ముందు, నా తాడుకి రవిల్. వెనక తాడు మీద ఎర్నా అక్క, జిబెక్. పదకొండున్నరకి శిఖరం కింది కనుమ మీదికి చేరేసరికి గాలి మొదలైంది, దానితోపాటు మబ్బు. జిబెక్ కూలబడింది. కాళ్ళు తెలియడం లేదని, గంట నుంచి తెలియడం లేదని, చెప్తే వెనక్కి తిప్పేస్తారని చెప్పలేదని ఏడుస్తూ చెప్పింది. నాయకురాల్ని నేను. గంటగా అది కుంటుతుంటే నేను ఒక్కసారి వెనక్కి చూళ్ళేదు. వెనక్కి చూస్తుందనే కదా నాకిచ్చింది.

ఎర్నా అక్క తిట్టలేదు. రాతి చాటున జిబెక్‌ని కూర్చోబెట్టి, బూట్లు లాగేసి, తన కోటు గుండీలు విప్పి, స్వెట్టరు ఎత్తి, ఆ గడ్డకట్టిన పాదాలు రెండూ తన పొట్ట మీద పెట్టుకుని మళ్ళీ కోటు కప్పేసింది. పెట్టుకున్నప్పుడు ఆవిడ ఒళ్ళంతా ఒక్కసారి జలదరించడం చూశాను. తరవాత తలెత్తి మా ఇద్దరి వైపు చూసింది. మేము ఏమీ అడగలేదు. రవిల్ పెదవులు కొరుక్కుంటున్నాడు. నేను శిఖరం వైపు చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించినా నా మెడ నా మాట వినలేదు.

"అరగంట పైకి, పావుగంట కిందికి. ఒక్క నిమిషం ఎక్కువైనా నేను ఊరుకోను. పోండి" అంది.

పోయాం. అంచు సన్నగా ఉంది, ఎడమవైపు ఏమీ లేదు, మబ్బే. గొడ్డలి దింపు, అడుగెయ్యి, గొడ్డలి దింపు. ఎదర దిబ్బ లాంటిది కనిపించింది, ఎక్కాం. అక్కడ్నుంచి అన్ని వైపులా కిందికే ఉంది. రవిల్ నన్ను కావిలించుకుని వీపు మీద గుద్దాడు. గొడ్డలితో మంచు తవ్వి చూశాం, రాళ్ళు తగిలాయి గాని డబ్బా తగల్లేదు. టైము లేదు. నాలుగు రాళ్ళు పేర్చి మా డబ్బా పెట్టి వచ్చేశాం. కనుమ మీదికి దిగేసరికి ఎర్నా అక్క అలాగే కూర్చుని ఉంది. "అయిందా?" అని అడిగింది. అయిందన్నాను. ఆవిడ నా ముఖం కేసి కొంచెం ఎక్కువసేపు చూసింది, అంతే.

జిబెక్‌ని దించడానికి సాయంత్రం దాకా పట్టింది. క్యాంపు డాక్టరు చూసి, ఎడమ కాలి రెండు చిటికెన వేళ్ళు దక్కవేమో అన్నాడు. తనకి కాలివేళ్ళు పదే ఉంటే పదకొండోది ఎక్కడిదని, రెండు చిటికెన వేళ్ళు ఒకే కాలికి ఎలా ఉంటాయని జిబెక్ ఆ నొప్పిలోనే డాక్టరుతో తగువేసుకుంది. చిటికెన వేలూ దాని పక్కదీ అని ఆయన సరిచేసుకున్నాడు. "పోతే పోయాయి. శిఖరం దక్కింది కదే, వచ్చే ఏడు మళ్ళీ వద్దాం" అని నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆకాశం కడిగినట్టుంది. క్యాంపు వాకిట్లో కొండెక్కేవాళ్ళని కనిపెట్టి ఉండే దూరదర్శిని ఒకటి కొయ్య మీద బిగించి ఉంటుంది. నీళ్ళ బకెట్ కింద పెట్టి, మనం నిలబడ్డ చోటు చూసుకుందామని ముచ్చటపడి కన్ను పెట్టాను. కనుమ కనిపించింది. మా అడుగులు కనిపించాయి. మేము ఎక్కిన దిబ్బ కనిపించింది. దాని వెనకాల, మధ్యలో చిన్న పల్లం దాటి, ఇంకో దిబ్బ ఉంది. దీనికంటే ఎత్తుగా. దాని నెత్తిన, కొలతలవాళ్ళు ఎప్పుడో పాతిన మూడు కాళ్ళ కర్ర నిలబడి ఉంది. మా అడుగులు మొదటి దిబ్బ దగ్గరే ఆగిపోయాయి.

బకెట్ అక్కడే వదిలేసి రవిల్‌ని లేపి లాక్కొచ్చి చూపించాను. వాడు చాలాసేపు కన్ను తియ్యలేదు. తీశాక నన్ను గోదాము వెనక్కి తీసుకెళ్ళాడు.

"చూశావుగా. ఇంక మర్చిపో" అన్నాడు. "డబ్బా దొరకలేదని రాస్తాం. అందరూ రాసేదేగా."

"మన డబ్బా తప్పుచోట ఉందిరా. వేసవిలో ఎవరో ఒకరు ఎక్కుతారు."

"ఎక్కితే అసలు శిఖరానికి పోతారు. ఆ దిబ్బ మీద రాళ్ళు తవ్వే తీరిక ఎవడికుంటుంది? తుర్సునాయ్, నేనిది నా కోసం అడగట్లేదు. కొంచెం నా కోసమే, సరే. కానీ లోపల దాన్ని చూడు. రెండు వేళ్ళు పోతున్నాయి. దేనికి పోయాయని చెప్తావు దానికి? ఉత్త దిబ్బకా?"

ఆ రెండో దిబ్బ ఎంత దూరమని? ఇరవై నిమిషాల నడక. ఆ మబ్బు ఒక్క నిమిషం విడిపోయి ఉంటే చాలు. మేము నేర్చుకోవాల్సిందంతా నేర్చుకున్నాం, పడాల్సినవన్నీ పడ్డాం, ఇరవై నిమిషాలు తక్కువయ్యాయి, అంతే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చే ఏడు పొయ్యి పక్కన ఎవరో వేరే అమ్మాయి మేజోళ్ళు ఆరేసుకుంటుంది, నేను ఫ్యాక్టరీలో ఎడమ చేతులు కుడుతూ ఉంటాను అనుకుంటే ఏడుపొచ్చింది. మధ్యాహ్నం సూప్ నోట్లోకి పోలేదు. చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. ఇప్పుడీ మాట దాచుకుని ఏం లాభం, అప్పుడు నా మనసులో ఉన్నది అదే.

సభ మూడు గంటలకి. జిబెక్‌ని బెంచీ మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. చిన్నది కాబట్టి తనే మొదలుపెట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కినా చెప్పకపోవడం తన తప్పన్నది, పటకాలు మరీ బిగించుకోవడం రెండో తప్పన్నది. "నా వల్ల ఎర్నా అక్క పైదాకా వెళ్ళలేకపోయింది. వీళ్ళిద్దరూ మాత్రం నా కోసం కూడా ఎక్కి వచ్చారు" అని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఈనాటికీ నాకు గుర్తు. జ్వరంతో ముఖం ఎర్రగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

రవిల్ లేచాడు. దిగేటప్పుడు తాడు వదులుగా వదిలానన్నాడు. గొడ్డలి రాతి మీద పెట్టి జారవిడవబోయానన్నాడు. అంతే అని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

నేను లేచాను. జిబెక్ నడక గమనించకపోవడం నా మొదటి తప్పన్నాను. నాయకత్వం చేసేవాళ్ళు పావుగంటకోసారి వెనక్కి చూడాలి, నేను గంటసేపు చూళ్ళేదన్నాను. అది నిజం కాబట్టి సులువుగానే వచ్చింది. తరవాత, డబ్బా దొరకలేదు అని చెప్పి కూర్చోవాలి. నోరు తెరిచాను. ఎర్నా అక్క బల్ల అవతల, చేతులు ముడుచుకుని, బల్ల మీది పగులు కేసి చూస్తోంది. ఎందుకో గాని నాకు ఆవిడ పొట్ట గుర్తొచ్చింది, ఆ పాదాలు పెట్టుకున్నప్పుడు జలదరించిన పొట్ట.

"డబ్బా దొరకలేదు, ఎందుకంటే అక్కడ డబ్బా ఉండదు" అన్నాను. "మేము శిఖరం ఎక్కలేదు. ముందరి దిబ్బ ఎక్కి అదే అనుకున్నాం. ఈ రోజు పొద్దున దూరదర్శినిలో చూశాను. పొద్దుట్నుంచీ తెలుసు. చెప్పకూడదనుకున్నాను."

క్యాంపు పెద్ద పెన్సిలు ఆగిపోయింది. జిబెక్ నన్ను చూసిన చూపు నేను రాయలేను. "మరి నా వేళ్ళు?" అని మెల్లిగా అడిగింది, నన్ను కాదు, ఎవర్నీ కాదు. తరవాత దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. రవిల్ లేచి బయటికి వెళ్ళిపోయాడు, సభ మధ్యలో లేవకూడదని తెలిసి కూడా.

అప్పుడు ఎర్నా అక్క నిలబడింది. ఆవిడ ఒక్క మాట అనాల్సిన వంతు. "పెట్టను" అంటుందని ఎదురుచూశాను.

"నా తప్పులు రాసుకోండి" అంది క్యాంపు పెద్దతో. ఆయన తలెత్తి చూశాడు. నేర్పినవాళ్ళు తప్పులు చెప్పుకోవడం ఆ గదిలో ఎవరూ విని ఉండరు. "కనుమ మీద జట్టుని రెండుగా చీల్చాను. ఒకళ్ళు చలికి దెబ్బతిన్నాక నలుగుర్నీ వెనక్కి తిప్పాలి. తిప్పలేదు. చలికాలం శిఖరానికి తొలిసారి వచ్చినవాళ్ళిద్దర్ని మబ్బులో నేను లేకుండా పంపాను. వీళ్ళ ముఖాలు చూసి కాదనలేకపోయాను, అదే కారణం, ఇంకేం లేదు. రెండోది. వీళ్ళు దిబ్బ మీద ఉన్నప్పుడు మబ్బు ఒక్కసారి తొలగింది. కనుమ మీంచి నాకు కనిపించింది. తప్పుచోట రాళ్ళు పేరుస్తున్నారు. ఈల నా మెడలోనే ఉంది. ఊదితే తప్పు తెలిసి రెండో దిబ్బకి పోతారు, నలభై నిమిషాలు పడుతుంది, ఈ పిల్లకి వేళ్ళు కాదు, పాదమే పోయేది. ఊదలేదు. ఇది మాత్రం తప్పనుకోవట్లేదు. అయినా రాసుకోండి."

సంతకం మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. క్యాంపు పెద్ద చాలాసేపు రాసుకున్నాడు.

అన్ని శిఖరాలకంటే ఎక్కువగా ఆ సాయంత్రమే నాకు గుర్తుంది. ఉక్రోషం కూడా గుర్తుంది. ఆవిడకి ముందే తెలుసు. నన్ను పొద్దుట్నుంచీ కుమిలిపోనిచ్చింది. జిబెక్ దగ్గరికి పోతే గోడవైపు తిరిగి పడుకుంది. రవిల్ తన సంచీ పక్క గుడిసెకి మార్చేసుకున్నాడు. నిజం చెప్పిన పుణ్యానికి నాకు ఆ పొయ్యి దగ్గర కూర్చోడానికి ఒక్క మనిషి మిగల్లేదు.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అతికించారు. చాబన్ శిఖరం లెక్కలోకి రాదు. ఎర్నా గుస్తావొవ్నాకి కొండ మీద జట్టుకి నేర్పే హక్కు రెండేళ్ళపాటు తీసేశారు. కింద సంతకాల్లో ఆవిడ సంతకం కూడా ఉంది. నేను ఆ కాగితం ముందు నిలబడి నాలుగుసార్లు చదివాను. పద్నాలుగేళ్ళుగా ప్రతి చలికాలం ఆవిడ బతికింది దాని కోసం. జిబెక్ వేళ్ళు కొండ తీసుకుంది, ఈ హక్కు మాత్రం నా నోరు తీసింది.

పరుగెత్తుకుంటూ ఆవిడ గదికి పోయాను. మంచం మీద సామాను సర్దుకుంటోంది, తాళ్ళు చుట్టలు చుడుతోంది. నేను ఏడుస్తూనే మొదలుపెట్టాను. నేను చెప్పకపోయి ఉంటే మీకిది జరిగేది కాదు కదా, మీరు చూశారని ఎవరికి తెలుసు, మీరు ముందే నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది అని అడిగాను. అడిగాను అంటే అరిచాననే అర్థం.

ఆవిడ తాడు చుట్టడం ఆపలేదు.

"ముందే అని ఉంటే నువ్వు నా కోసం చెప్పేదానివి. లేకపోతే నా కోసం దాచేదానివి" అంది. "నీ అంతట నువ్వేం చేస్తావో నేను తెలుసుకోవాలి."

"చెప్పకపోయి ఉంటే?"

"సంతకం పెట్టేదాన్ని. ముగ్గురికీ శిఖరం వచ్చేది, నాకు ఈ నేర్పే పని ఉండేది. అందరూ బాగుండేవాళ్ళు." చుట్ట ముడి వేసింది. "నీతో మాత్రం ఇంకెప్పుడూ తాడు కట్టుకునేదాన్ని కాదు."

గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాను. ఆవిడ ఆ తాడు చుట్ట సంచీలో పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని, కొంచెం మొహమాటంగా, నాకు కొత్తగా అనిపించిన గొంతుతో అడిగింది.

"నేర్పేదానికి లేదు. ఎక్కేదానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్చిలో కొండల్లో మంచు గట్టిగా ఉంటది. క్యాంపుతో పని లేకుండా వద్దాం, గుడారం నాది. ఒక్కదాన్నే పోలేను, జోడీ కావాలి. వస్తావా తుర్సునాయ్?"

ఆవిడ నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. వస్తానన్నాను. జిబెక్ నాతో మాట్లాడటానికి ఏప్రిల్ దాకా పట్టింది, రవిల్ అసలు మాట్లాడనే లేదు. ఎర్నా అక్క తొంభై ఎనిమిదిలో జర్మనీలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయేదాకా, పంతొమ్మిది చలికాలాలు, మేమిద్దరం ఒకే తాడు మీద నడిచాం.